సంతకం పెట్టించుకున్న కాగితం: ఆత్మహత్యల నివారణ శిక్షణ నుంచి ఒక కేసు

ఈ కేసులో ఇద్దరు ఉన్నారు. ప్రాణం తీసుకోబోయి బతికిన ఒకావిడ, ఆమెకు కౌన్సెలింగ్ చెయ్యడానికి వెళ్ళిన ఒక అమ్మాయి. మొదటావిడను మునెమ్మ అనీ, అమ్మాయిని లత అనీ పిలుస్తాను. రెండూ నేను పెట్టిన పేర్లే. ఊరు, వయసులు, కుటుంబ సంగతులు కొన్ని మార్చాను. రాసింది ఇద్దరికీ చదివి వినిపించాను. మునెమ్మ రెండు చోట్ల తీసెయ్యమంది, తీసేశాను. నా తప్పుల దగ్గర మాత్రం ఏమీ మార్చలేదు. ఈ కేసు రాస్తున్నదే వాటి కోసం.

శిక్షణ

నేను సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని. తిరుపతిలో పద్నాలుగేళ్ళుగా పనిచేస్తున్నాను. ఆసుపత్రి డ్యూటీ కాక ఏడాదికి మూడు నాలుగు సార్లు చుట్టుపక్కల మండలాల వాళ్ళకు శిక్షణ ఇస్తాను. స్కూలు కౌన్సెలర్లు, ఏఎన్ఎంలు, స్వచ్ఛంద సంస్థల ఫీల్డ్ వర్కర్లు, హాస్టల్ వార్డెన్లు వస్తారు. చచ్చిపోవాలన్న ఆలోచనలో ఉన్న మనిషిని ఎలా గుర్తించాలి, ఏం అడగాలి, ఆ రాత్రి గడవడానికి ఏం చెయ్యాలి, ఎవరి దగ్గరికి పంపాలి అన్నది సిలబస్సు.

లత వచ్చిన బ్యాచ్‌లో 22 మంది. మూడు రోజుల శిక్షణ. మొదటి స్లైడులో 2022లో మన దేశంలో ఆత్మహత్యల వల్ల పోయినవాళ్ళ సంఖ్య ఉండేది: 1,70,924. పెద్ద అంకె చూపిస్తే గదిలో గుసగుసలు ఆగుతాయని ఎప్పుడూ దాంతోనే మొదలుపెట్టేదాన్ని. రెండో రోజు రోల్ ప్లే. మూడో రోజు పరీక్ష, సర్టిఫికెట్లు, గ్రూప్ ఫోటో, పులిహోర, చక్కెర పొంగలి. పరీక్షలో లతకు 20కి 19 వచ్చాయి. బ్యాచ్‌లో ఆమెదే ఎక్కువ మార్కు.

లతకు ఇరవై ఏడేళ్ళు, ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదివింది. తిరుపతికి పడమటి వైపు పల్లెల్లో ఒక చిన్న సంస్థ తరఫున ఆడవాళ్ళ గ్రూపులతో పనిచేసేది. టీ బ్రేక్‌లో కూడా కుర్చీ వదలకుండా నోట్సు రాసుకునేది. శ్రద్ధ గల అమ్మాయి అనుకున్నాను. శ్రద్ధే, కానీ టీ దగ్గర నలుగురితో మాట్లాడాల్సి రాకుండా చూసుకోవడం కూడా అని ఇప్పుడు అనిపిస్తుంది.

శిక్షణ అయ్యాక మళ్ళీ ఫోన్ చేసి 'పని ఎట్లా ఉంది' అని అడిగే ఏర్పాటు మాకు లేదు. బడ్జెట్ కాగితంలో హాలు అద్దెకు, భోజనాలకు, ఫ్లెక్సీకి కూడా పద్దు ఉంటుంది. దానికి ఉండదు.

ఫోన్

ఐదు వారాల తర్వాత ఒక రాత్రి తొమ్మిదిన్నర దాటాక లత నుంచి ఫోన్. "మేడమ్, ఫారం అంతా నింపినాను మేడమ్. సంతకం కూడా పెట్టింది. అయినా..." అని ఆగిపోయింది.

మునెమ్మను 108లో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ప్రాణం నిలబడింది. లత ఆ మాట ఒక్కసారి చెప్పి, "నేనేం తప్పు చేసినాను మేడమ్" అని మాత్రం మూడు సార్లు అడిగింది. ఆ తేడా అప్పుడు నా చెవికెక్కలేదు. నా బుర్రంతా ఆ ఫారంలో ఏ గడి తప్పిందా అన్న దాని మీదే ఉంది. అంటే నేనూ కాగితం వైపే చూస్తున్నాను.

మునెమ్మ సంగతి

ముప్పై ఆరేళ్ళు. తోతాపురి కాయ వచ్చే జూన్, జులై నెలల్లో పల్ప్ ఫ్యాక్టరీలో పని. మిగతా రోజులు కూలి, చింతపండు కొట్టడం, ఒక ఆవు, కౌలుకు తీసుకున్న కాస్త టమాటా. ఇద్దరు పిల్లలు. మొగుడు తాగుతాడు, కొడతాడు. వారం వారం కట్టే గ్రూపు అప్పు ఒకటి, దాన్ని తీర్చడానికి తెచ్చిన అప్పు ఇంకొకటి.

రెండేళ్ళ ముందు కూడా ఒకసారి ప్రాణం తీసుకోబోయింది. అప్పుడు ఆసుపత్రిలో ఉన్న నాలుగు రోజుల్లో 'ఎందుకు చేసినావు' అని ఎంతమంది అడిగారో చాలా రోజుల తర్వాత వేళ్ళు మడిచి లెక్క చెప్పింది. క్యాజువాలిటీ డాక్టరు, ఇద్దరు నర్సులు, కానిస్టేబుల్, ఆయా, పక్క మంచం వాళ్ళు, చూడ్డానికొచ్చిన చిన్నత్త. ప్రతి ఒక్కరికీ మొదటి నుంచి చెప్పాలి, ప్రతి ఒక్కరూ చివర్లో "పిల్లలు ఉండారు కదా, బుద్ధి లేదా" అనాలి. వాంగ్మూలం రాసుకునేటప్పుడు మొగుడు మంచం పక్కనే నిలబడి ఉన్నాడు. కడుపునొప్పి తాళలేక అని చెప్పి సంతకం పెట్టింది. పేపర్లో 'కడుపునొప్పి తాళలేక' అన్న వార్త చూసినప్పుడల్లా నాకిప్పుడు ఆ మంచం పక్కన నిలబడ్డ మనిషే కనిపిస్తాడు.

లత మునెమ్మ ఇంటికి వెళ్ళేనాటికి ఇదేదీ ఆమెకు తెలియదు. ఊళ్ళో ఆశా కార్యకర్త 'ఆయమ్మ అన్నం సరిగ్గా తినడం లేదు, ఎవురితోనూ మాట్లాడదు' అని చెబితే వెళ్ళింది.

మొదటి విజిట్లో ఏం జరిగింది

వసారాలో కూర్చోబెట్టారు. అత్త పక్కనే చేటలో బియ్యం చెరుగుతోంది. లత నేను నేర్పినట్టే సూటిగా అడిగింది, నేను స్లైడులో రాసిన వాక్యంతోనే: "మీకు ఆత్మహత్య ఆలోచనలు వస్తున్నాయా?" మునెమ్మ అత్త వైపు చూసి, చాలాసేపటికి "ఒక్కోసారి" అంది. లత ఫారం నింపింది. ప్రమాదం స్థాయి దగ్గర 'మధ్యస్థం' అని టిక్కు పెట్టింది. తర్వాత సంస్థ వాళ్ళ పాత కాగితం ఒకటి తీసింది. 'నేను నా ప్రాణానికి హాని చేసుకోనని మాట ఇస్తున్నాను' అన్న ఒక్క వాక్యం, కింద గీత. మునెమ్మ సంతకం పెట్టింది. బయల్దేరేటప్పుడు లత అత్తతో "కాస్త కనిపెట్టుకుని ఉండండమ్మా" అని చెప్పింది. సాయంత్రానికి ఆ మాట మొగుడి చెవిన పడింది. 'ఇంటి గుట్టు బయటపెడతావా' అని కొట్టాడు. ఎనిమిదో రోజున ఆమె ఆసుపత్రిలో ఉంది.

సూటిగా అడగడం తప్పు కాదు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయానికి ఆధారం లేదు, అడిగితే చాలామందికి గుండె బరువు దిగుతుంది. తప్పు ఎక్కడ అడిగామన్నదాంట్లో ఉంది. ఎవరి ముందు అడిగామన్నదాంట్లో ఉంది. అడిగిన మాటలోనూ తప్పుంది. పల్లెలో ఎవరూ తమ గురించి 'ఆత్మహత్య ఆలోచనలు' అనుకోరు. అది పేపరు మాట, స్టేషన్ మాట. అందులో 'హత్య' ఉంది. దాని వెనకే వచ్చే 'పాల్పడటం' మనం నేరాలకే వాడతాం. మనుషులు అనేది 'ఈ బతుకెందుకు' అని, 'పోతే బాగుండు' అని. మా మాడ్యూల్లో ఆ మాటలు ఒక్కటీ లేవు. ఇంగ్లీషు స్లైడులను తెలుగు చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఇక ఆ మాట తీసుకునే కాగితం. ఇలాంటి ఒప్పందాలు ప్రాణాలు కాపాడతాయన్న రుజువు లేదని ఈ రంగంలో ఉన్నవాళ్ళకు ఎప్పటినుంచో తెలుసు. శిక్షణ రెండో రోజు లత ఆ కాగితం నాకు చూపించింది కూడా. "ఇది కూడా వాడమంటారా మేడమ్?" అంది. భోజనాల వేళ. "మీ సంస్థ రూలు అయితే ఉండనియ్యమ్మా" అన్నాను. ఏదో ఒకటి ఉండటం ఏమీ లేనిదానికన్నా నయం అనుకున్నాను. ఆ కాగితం వల్ల కార్యకర్తకు ధైర్యం వస్తుంది, సంస్థకు రక్షణ ఉంటుంది. మునెమ్మకు ఏమొచ్చిందో ఆమే తర్వాత లతతో చెప్పింది: "సంతకం పెట్టమంటే పెట్టినా. లోను వాళ్ళు పెట్టమన్నా పెడతా, ఆస్పత్రిలో పెట్టమన్నా పెడతా. అదేం పెద్ద!"

'కుటుంబసభ్యులకు తెలియజేయాలి' అన్నది మాత్రం అచ్చంగా నా స్లైడే. ఏ కుటుంబసభ్యులకు, ఎవరిని అడిగి అన్నది అందులో లేదు.

ముందు ఎవరి దగ్గరికి వెళ్ళాలి

ఆ రాత్రి నాకు మొదట తట్టింది, పొద్దున్నే ఆసుపత్రికి పోయి మునెమ్మతో మాట్లాడాలని. అరగంట ఆలోచించి మానుకున్నాను. ఆమెను చూస్తున్న డాక్టర్లు ఉన్నారు. నేను వెళితే 'ఎందుకు చేసినావమ్మా' అనే ఇంకో మనిషిని అవుతాను. నా మనసులో భారం దింపుకోవడానికి ఆమె మంచం దగ్గరికి వెళ్ళే హక్కు నాకు లేదు. వెళ్ళకుండా, అక్కడ పనిచేసే నాకు తెలిసిన సోషల్ వర్కర్‌కి ఫోన్ చేసి మూడు మాటలు చెప్పాను. ఆమెతో మాట్లాడేటప్పుడు భర్త లేకుండా చూడండి. ఒక్కరే మాట్లాడండి, ఒక్కసారే రాసుకోండి, మిగతావాళ్ళు ఆ రాత నుంచి చదువుకుంటారు. డిశ్చార్జి అయ్యాక మా వాళ్ళు రావచ్చా అని అడగండి, వద్దంటే వద్దు.

ఇంకో మాట కూడా ఆమెకు చేరవేయమన్నాను. మొగుడు 'పోలీసు కేసవుతుంది, లోపలేస్తారు' అని బెదిరిస్తున్నాడు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, వేరేలా రుజువైతే తప్ప శిక్షించకూడదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ప్రాణం తీసుకోబోవడాన్ని నేరంగా చూసిన పాత 309 సెక్షనే లేదు. ప్రభుత్వోద్యోగి పనిని అడ్డుకోవడానికో, ఒత్తిడి తేవడానికో చేసేదాన్ని మాత్రం 226 కింద ఉంచారు. ఆసుపత్రిలో ఎంఎల్‌సీ (మెడికో-లీగల్ కేసు అనే నమోదు) రాస్తారు, అది ఆమె మీద కేసు కాదు. ఇది తెలియక ఎంతోమంది ఆసుపత్రికి ఆలస్యంగా వస్తారు, లేదా అబద్ధం చెబుతారు. ఆ ఆలస్యమూ అబద్ధమూ రెండూ ప్రాణాంతకమే.

నేను చేసి బెడిసికొట్టింది

మునెమ్మ విషయంలో ఆగగలిగినదాన్ని లత విషయంలో ఆగలేకపోయాను. రెండో రోజే దగ్గర్లో ఉన్న బ్యాచ్‌మేట్లను పదకొండు మందిని తిరుపతికి పిలిపించాను. గుండ్రంగా కుర్చీలు వేసి, "ఏం జరిగిందో చెప్పు లతా, మనసులో పెట్టుకోవద్దు" అన్నాను. దీన్ని డీబ్రీఫింగ్ అంటాం. ఒక్కసారి కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పిస్తే పీటీఎస్‌డీ (ఘోరం జరిగాక మనసును వదలకుండా పట్టుకునే జబ్బు) రాకుండా ఆగదని, కొందరికి హాని కూడా చేయొచ్చని సమీక్షలు తేల్చి ఇరవై ఏళ్ళు దాటింది. 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన సైకలాజికల్ ఫస్ట్ ఎయిడ్ మార్గదర్శకం కూడా మాట్లాడమని ఒత్తిడి చెయ్యొద్దనే చెబుతుంది. ఇది నాకు తెలుసు, నేను ఇతరులకు చెబుతాను కూడా. ఆరోజు నాకే టెన్షన్‌గా ఉంది. ఏదో ఒకటి చేస్తున్నట్టు కనిపించాలి.

లత ఐదు నిమిషాలు చెప్పింది. సంతకం మాట వచ్చేసరికి గొంతు ఆగింది. "నీళ్ళు తాగొస్తా" అని లేచి వెళ్ళింది, మళ్ళీ రాలేదు. బ్యాగు కుర్చీలోనే ఉంది. నాలుగు రోజులు ఫోన్ ఎత్తలేదు. ఈలోగా ఆమె సంస్థ మెమో ఇచ్చింది, ఫీల్డుకు వెళ్ళడం లేదని.

ఆ బ్యాగు ఇవ్వడానికి వెళ్తానన్న ఒక ఏఎన్ఎం అక్క నాకు ఫోన్ చేసింది. ఆమెకు ఈ పనిలో నాకన్నా అనుభవం ఎక్కువ. "మేడమ్, ఏమీ అనుకోకండి. రోల్ ప్లేలో ఆ పాపకు పేషెంటు చెల్లెలి పాత్ర ఇచ్చినారు. అప్పుడే ఆ పాప చేతులు వణికినాయి. నేను చూస్తానే ఉండాను. ముందు అడిగి ఉండాల్సింది."

నేనూ చూశాను. బిడియం అనుకున్నాను. "బాగా చెయ్యి లతా, నువ్వు చెయ్యగలవు" అని అందరి ముందూ చప్పట్లు కొట్టించాను.

దడుపు

ట్రామా అన్న మాటను తెలుగులో ఏమనాలని చాలాకాలం తన్నుకులాడాను. మనోగాయం అంటే పుస్తకంలా ఉంటుంది. మా వైపు దడుపు అనే మాట ఉంది. దడుచుకున్న పిల్లల్ని ఎలా చూడాలో మా అవ్వ చెప్పేది: వెనకనుంచి పిలవొద్దు, 'ఏం చూసినావు' అని గుచ్చి అడగొద్దు, ఒంటరిగా పంపొద్దు, బెదిరించి నిద్రపుచ్చొద్దు. అమెరికా ప్రభుత్వ సంస్థ సామ్సా 2014లో ట్రామాను దృష్టిలో పెట్టుకుని సేవలు ఎలా ఉండాలో చెబుతూ రాసినవాటిలో ముఖ్యమైనది మళ్ళీ గాయం చేయకపోవడం. అవ్వ మాటలకు దగ్గర్లోనే ఉంది. తేడా ఏమిటంటే, ఎవరు దడుచుకున్నారో అవ్వకు తెలిసేది. మాకు తెలియదు. నర్సు గ్లౌజులు వేసుకునేటప్పుడు ఈ పేషెంటుకు జబ్బు ఉందా లేదా అని అడిగి వేసుకోదు, అందరికీ వేసుకుంటుంది. ఇక్కడా అంతే, ఎదుటి మనిషికి ఏదో జరిగి ఉండొచ్చు అన్న లెక్కతోనే నడవాలి. ఆ ఎదుటి మనుషుల్లో శిక్షణకు వచ్చి కూర్చున్న 22 మందీ ఉంటారని నాకు తట్టలేదు. పేషెంటును అడగకుండా ముట్టుకోవద్దని చెబుతూ, ట్రైనీని అడగకుండా వేదిక మీదికి లాగాను.

పట్టాలెక్కింది ఎక్కడ

వారం తర్వాత లతకు మెసేజ్ పెట్టాను: 'నేను మీ ఊరివైపు వస్తున్నాను. కలవాలనుంటే ఎక్కడో నువ్వే చెప్పు. వద్దంటే ఫర్వాలేదు, మళ్ళీ అడగను.' సాయంత్రానికి జవాబు వచ్చింది, గుడి మండపం దగ్గర కలుద్దామని. బస్సులో వెళ్ళాను. ఆమెకేం జరిగిందని అడగలేదు. నేనేం చేశానో మాత్రం చెప్పాను: అడగకుండా ఆ పాత్ర ఇచ్చాను, చేతులు వణకడం చూసీ ఆపలేదు, ఆ కాగితం చూసీ వద్దనలేదు, గుండ్రంగా కూర్చోబెట్టి చెప్పించాను. లత చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఆయక్క ఎట్లుంది మేడమ్?" అంది. ఫోన్ వచ్చిన రాత్రి నుంచి మునెమ్మ గురించి ఆమె అడిగిన మొదటి ప్రశ్న అది.

ఆమె ముందు మూడు దారులు పెట్టాను. ఒక నెల ఆఫీసు పని. మునెమ్మ కేసు వేరేవాళ్ళకు అప్పగించి మిగతా ఫీల్డు. లేదా ఇంకొకరితో జతగా మునెమ్మ దగ్గరికే. మూడోది చెప్పేటప్పుడు నాకు అనుమానంగానే ఉంది, ఇది తొందరేమో అని. కానీ ఎంచుకోవడం ఆమె పని అన్నాక నా అనుమానాన్ని అడ్డం పెట్టడం సరికాదనిపించింది. ఆమె మూడోదే తీసుకుంది, ఆ ఏఎన్ఎం అక్కతో జతగా. మెమో సంగతి నేను సంస్థ వాళ్ళతో మాట్లాడాను. ప్రతి గురువారం సాయంత్రం నాలుగింటికి అరగంట ఫోన్ అని పెట్టుకున్నాం. ఏమీ లేకపోయినా ఫోన్ ఉంటుంది. 'ఏదైనా ఉంటే చెయ్యి' అంటే ఎవరూ చెయ్యరు.

మూడో గురువారమో నాలుగోదో, మాటల మధ్యలో తనే చెప్పింది. ఇంటర్ చదువుతున్నప్పుడు వాళ్ళ అన్న అలాగే పోయాడు. ఊళ్ళో కడుపునొప్పి అనే చెప్పుకున్నారు. నా మొదటి స్లైడు చూసినప్పుడు 'ఇట్లాంటి లెక్కలో మా అన్నను ఏ వరసలో రాసినారో' అనుకుందట. ఆ స్లైడు తీసేశాను.

మునెమ్మతో రెండోసారి

ఆశా కార్యకర్తతో కబురు పంపి అడిగించాం. వారం తర్వాత జవాబు: ఇంటికి వద్దు, పొద్దున ఆరింటికి పాల సెంటర్ దగ్గరికి రమ్మను. మంచి ఎంపిక. పాల క్యాను పట్టుకుని వెళ్ళే ఆడమనిషిని ఎవరూ ఎక్కడికని అడగరు, పక్కన ఇంకో ఇద్దరు నడిస్తే ఎవరూ చూడరు. మాటలన్నీ ఆ పొలం గట్టు మీదే జరిగాయి. ఎదురెదురుగా కూర్చుని కళ్ళలోకి చూస్తూ మాట్లాడాలన్నది మా శిక్షణలో ఉండేది. పక్కపక్కన నడుస్తూ మాట్లాడితే చెప్పడం తేలికని మునెమ్మ నేర్పింది.

"ఈసారి కాయితం తేలేదా మేడమ్?" అన్నదే ఆమె మొదటి మాట.

"లేదక్కా. ఆరోజు అత్తమ్మకు చెప్పకుండా ఉండాల్సింది. నాదే తప్పు."

ఆమె కొంతదూరం నడిచి, "సర్లే పాపా" అంది. మేడమ్ పాప అయిన చోటు లత నోట్సులో రాసుకుంది. నేనైతే దాన్ని ఏ స్కేలు మీద స్కోరు కన్నా ఎక్కువ నమ్ముతాను.

అప్పుడు లత అడిగింది, "ఇప్పుడు కూడా పోతే బాగుండు అనిపిస్తా ఉండాదా అక్కా?" జవాబు వచ్చింది, వివరంగా. ఏ రోజుల్లో ఎక్కువ, ఏ గంటకు ఎక్కువ. మంగళవారం కిస్తీ. సోమవారం రాత్రి దవడలు బిగుసుకుంటాయి, ముద్ద దిగదు. సేఫ్టీ ప్లాన్‌లో మొదటి మెట్టు ఇదే, ముప్పు దగ్గరికి వస్తున్న గుర్తులను మనిషే గుర్తుపట్టడం. స్టాన్లీ, బ్రౌన్ అనే ఇద్దరు పరిశోధకులు తయారుచేసిన ఈ పద్ధతి మాట తీసుకోవడం లాంటిది కాదు. 'చెయ్యను' అని ఒట్టు ఉండదు. ఆ గుర్తులు కనిపిస్తే నేను ఏం చేస్తాను, ఎవరి దగ్గర కూర్చుంటాను, ఎవరికి చెబుతాను, ఎవరికి ఫోన్ చేస్తాను, ప్రమాదమైన వస్తువు చేతికి అందకుండా ఎలా పెడతాను అన్నది ఉంటుంది. అమెరికా ఎమర్జెన్సీ విభాగాల్లో చేసి 2018లో ప్రచురించిన అధ్యయనంలో ఈ ప్లాన్, దాని వెనక ఫోన్ కాల్స్ అందినవాళ్ళలో తర్వాతి ఆరు నెలల్లో ఆత్మహత్య ప్రయత్నాల వంటివి దాదాపు 45 శాతం తక్కువగా కనిపించాయి.

అక్కడ అది ఒక కార్డు మీద రాస్తారు. ఇక్కడ కాగితం ఇంట్లో దొరికితే దెబ్బలు. అందుకని ఏదీ రాయలేదు. సోమవారం రాత్రి భోజనాలయ్యాక ఎదురింటి అవ్వ దగ్గర చింతపండు కొట్టడానికి పోవాలి, అక్కడే పడుకోవచ్చు. ఆ అవ్వకు ఎంతవరకు చెప్పాలో మునెమ్మే చెప్పింది. పక్క మండలంలో ఉన్న పెద్దక్కకు అంతా తెలుసు. బటన్ ఫోన్లో లత నంబరు 'పాల సెంటర్' అని, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరు 'గ్యాస్ బుకింగ్' అని సేవ్ చేశారు. ఆ నంబరు 2022 అక్టోబరు నుంచి 24 గంటలూ పనిచేస్తోంది, తెలుగులోనూ మాట్లాడతారు. గట్టు మీద నుంచే ఒకసారి చేసి చూపించింది లత. ఎవరో నిజంగా ఎత్తుతారని తెలియడం వేరు, నంబరు తెలియడం వేరు.

పురుగుమందు డబ్బాలను ఎదురింటి అవ్వ వాళ్ళ మోటారు షెడ్డులో తాళం వేసి పెట్టారు. మొగుడికి చెప్పిన కారణం మేకలూ పిలకాయలూ. ఈ ఆలోచన కొత్తది కాదు. తమిళనాడులోని కడలూరు జిల్లాలో ఊరి వాళ్ళందరి మందులూ ఒకేచోట తాళం పెట్టెల్లో ఉంచే ప్రయోగం జరిగింది. ఆ క్షణం దాటిపోవడమే ముఖ్యం. ఆ తీవ్రత చాలామందిలో ఎక్కువసేపు ఉండదు, చేతికి అందకపోతే మనిషి నిలబడతాడు.

దెబ్బల విషయంలో లతకూ నాకూ వాదన జరిగింది. కంప్లయింట్ ఇప్పించాలని ఆమె. మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు, హింసకు గురైన ఆడవాళ్ళకు సాయం చేసే సఖి కేంద్రం, 2005 గృహహింస చట్టం కింద ఏమేం అడగవచ్చు, అన్నీ చెప్పాలి, ఇవ్వాలా వద్దా మునెమ్మ చెప్పాలి అని నేను. మునెమ్మ 'ఇప్పుడు కాదు' అంది. ఆమె ఇల్లు వదిలితే పిల్లలు, ఆవు, కిస్తీ ఏమవుతాయో ఆమెకు తెలిసినంత మాకు తెలియదు. అయితే ప్రాణానికి ముప్పు అనిపిస్తే ఆమె ఒప్పుకోకపోయినా మేం ఊరుకోమని, ఎవరికి చెబుతామో కూడా ముందే చెప్పాం. దాచిపెట్టి చేయడం ఒకసారి అయింది.

వెనకాల వెళ్ళడం

ఆసుపత్రి నుంచి వచ్చాక మనిషిని మళ్ళీ మళ్ళీ పలకరించడానికి ఒక లెక్క ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల్లో 1,867 మందితో చేసిన అధ్యయనంలో చెన్నై ఒక కేంద్రం. గంటసేపు వివరంగా మాట్లాడి, తర్వాత 18 నెలల్లో తొమ్మిది సార్లు పలకరించారు: 1, 2, 4, 7, 11 వారాలకు, 4, 6, 12, 18 నెలలకు. అలా పలకరించినవాళ్ళలో ఆత్మహత్య వల్ల పోయినవాళ్ళు 0.2 శాతం, మామూలు చికిత్స మాత్రమే అందినవాళ్ళలో 2.2 శాతం. ఖరీదైన మందు లేదు, మిషన్ లేదు. లత ఆ తేదీలను గోడ క్యాలెండర్లో చుక్కలు పెట్టుకుంది. ఏడో వారం పలకరింపులో మునెమ్మ 'బాగుండా' అని రెండు మాటలే మాట్లాడింది, ఆవు ఈనింది, తొందరలో ఉంది. పదకొండో వారం బాగా లేదు. సోమవారం రాత్రి అవ్వ ఊళ్ళో లేదు. పెద్దక్కకు ఫోన్ చేసింది, ఆమె రాత్రికి రాత్రి వచ్చింది. మరుసటి రోజు సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్ళారు, మందులు మొదలయ్యాయి. మందులు ముందే మొదలుపెట్టించి ఉండాల్సింది. ఆ ఆలస్యం కూడా నా ఖాతాలోదే. మాటల మీద మనసు పెట్టి ఆమె నిద్ర ఎన్ని నెలలుగా పోయిందో సరిగ్గా అడగలేదు.

ఇప్పుడు 12 నెలల పలకరింపు కూడా అయింది. మొగుడి తాగుడు అలాగే ఉంది. ఒక అప్పు తీరింది. మునెమ్మ ఈ సీజన్లో ఫ్యాక్టరీకి వెళ్ళింది.

శిక్షణలో మార్చినవి

సంస్థల దగ్గర ఉన్న కాగితాలన్నీ ముందుగా తెప్పించుకుని చూస్తున్నాను. ఒట్టు కాగితం ఉంటే, దాని బదులు ఏం చేయాలో వాళ్ళ కోఆర్డినేటర్‌తో మాట్లాడాకే బ్యాచ్ మొదలు. పల్లెల్లో మనుషులు వాడే మాటల జాబితాను ఏఎన్ఎంలే తయారుచేశారు, మూడు పేజీలు అయింది. గురువారం ఫోన్ ఇప్పుడు మిగతావాళ్ళకూ ఉంది, దానికి ఇప్పటికీ ఎవరూ డబ్బు ఇవ్వడం లేదు. లత బ్యాచ్‌లో 22 మందిలో తొమ్మిది మందే అందులో మిగిలారు. రిపోర్టులో 'శిక్షణ పొందినవారు' అన్న గడికి ఉన్న విలువ ఆ తొమ్మిదికి లేదు.

రోల్ ప్లే ఉంది, కానీ వారం ముందే కథ పంపుతున్నాం. దాంతోపాటు ఒక చీటీ: చేస్తాను, చూస్తాను, ఆ గంట బయట ఉంటాను. మూడింట్లో ఒకదానికి టిక్కు. కారణం రాయక్కర్లేదు, మేం అడగం. బయట ఉన్నవాళ్ళతో ఉండటానికి ఒక మనిషిని ప్రత్యేకంగా పెడుతున్నాం. మొన్నటి బ్యాచ్‌లో ఆ మనిషి లతే.

ఆ బ్యాచ్‌లో 19 చీటీలు వచ్చాయి. నాలుగింటిలో 'బయట ఉంటాను' అని ఉంది. అందులో ఒకటి పన్నెండేళ్ళుగా ఫీల్డులో ఉన్న ఒక పెద్దాయనది. భోజనాలయ్యాక ఆయనే వచ్చి, "చూస్తాను అని మార్చుకోవచ్చా మేడమ్?" అన్నాడు. మార్చుకోవచ్చు అన్నాను. టైము చూడటానికి ఎవరూ లేరు, నా వాచీ తీసి ఆయన చేతికిచ్చాను. తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాడు.